కేరాఫ్ కంచరపాలెం: డబ్బు లేక వచ్చిన లోపాలు, డబ్బుతో పోని లోపాలు

(ఒక ఫిల్మ్ క్లబ్‌లో సినిమా ప్రదర్శన తర్వాత చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. లైట్లు వేసి రెండు నిమిషాలు కూడా కాలేదు. చాలామంది ఇంకా ఆ చివరి పావుగంటలోనే ఉన్నట్టున్నారు. కాస్త నీళ్లు తాగి కూర్చోండి. అందరూ సినిమా మొత్తం చూశారు కాబట్టి చివరి మలుపు గురించి దాచకుండానే మాట్లాడతాను.

‘కేరాఫ్ కంచరపాలెం’ 2018 సెప్టెంబర్ 7న విడుదలైంది. అప్పటి నుంచీ దీని గురించి ఎవరు మాట్లాడినా చివర్లో ఒక మాట తగిలిస్తారు. ‘అంత తక్కువ డబ్బుతో, అంతా కొత్తవాళ్లతో తీశారంటే గొప్పే’ అని. ప్రేమతో అనే మాటే అది, కాదనను. కానీ పరీక్షలో గ్రేస్ మార్కులు కలిపినట్టు ఉంటుంది. ఈ సినిమాకు గ్రేస్ మార్కులు అక్కర్లేదు. దీని బలాలు నిజమైన బలాలు. ఏ పెద్ద సినిమా పక్కన పెట్టి చూసినా నిలబడతాయి. లోపాల సంగతికి వస్తే, వాటిలో కొన్ని మాత్రమే డబ్బు లేక వచ్చినవి. అసలు లోపాలు రాతలో ఉన్నాయి. వంద కోట్లు చేతిలో పెట్టినా అవి పోవు. ‘చిన్న సినిమా కదా’ అని వాటిని వదిలేస్తే ఆ సినిమా తీసినవాళ్లను మనం తక్కువ చేసినట్టే. అందుకే ఇవాళ రెండూ విడమరిచి మాట్లాడదామనుకుంటున్నాను.

ముందు తెలిసిన విషయాలు క్లుప్తంగా. ఇది వెంకటేష్ మహా రాసి తీసిన మొదటి సినిమా. విశాఖలోని కంచరపాలెం అనే పేటలో నాలుగు ప్రేమ కథలు: బడిపిల్లాడు సుందరం, సునీత; రౌడీ జోసెఫ్, భార్గవి; వైన్ షాపులో పనిచేసే గడ్డం అనే కుర్రాడు, సలీమా; అటెండర్ రాజు, అతని ఆఫీసరు రాధ. నిర్మాత విజయ ప్రవీణ పరుచూరి అమెరికాలో గుండె వైద్యురాలు. సలీమా పాత్ర వేసింది కూడా ఆవిడే. నటుల్లో ఎనభై మందికి పైగా కెమెరా ముందుకు రావడం అదే మొదటిసారి, వాళ్లలో ఎక్కువమంది విశాఖపట్నం కంచరపాలెంలో ఉండే మామూలు మనుషులు. సంగీతం స్వీకార్ అగస్తి. కెమెరా ఆదిత్య జవ్వాది, వరుణ్ ఛాఫేకర్. విడుదలకు ముందే న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌కు ఎంపికైంది. దగ్గుబాటి రానా సమర్పకుడిగా ముందుకు రావడంతో సురేష్ ప్రొడక్షన్స్ ద్వారా థియేటర్లకు చేరింది.

ఇక బలాలు. నా లెక్కలో మొదటిది శబ్దం. చూసినవాళ్లలో చాలామంది దీన్ని ప్రత్యేకంగా గమనించరు, గమనించకపోవడమే దాని గెలుపు. మన సినిమాల్లో ఎక్కువ భాగం మాటల్ని తర్వాత డబ్బింగ్ థియేటర్లో చెప్పిస్తారు. లొకేషన్లో ఎంత గోల ఉన్నా పర్వాలేదు, తర్వాత చూసుకోవచ్చు అన్నది మనకు ఎప్పటినుంచో ఉన్న అలవాటు. దానివల్ల షూటింగ్ తొందరగా అవుతుంది. కానీ మనిషి వీధిలో నిలబడి ఉంటాడు, గొంతు మాత్రం గోడలకు దుప్పట్లు కట్టిన గదిలోంచి వస్తున్నట్టు ఉంటుంది. ‘కంచరపాలెం’ సింక్ సౌండ్‌తో తీశారు. అంటే ఆ గదిలో, ఆ క్షణంలో పలికిన మాటే మనం విన్నది. ఒకరు మాట పూర్తి చేయకముందే ఇంకొకరు అందుకోవడం, గొంతు సగంలో ఆగిపోవడం, పక్కింటి చప్పుడు, రోడ్డు మీద బండి చప్పుడు, అన్నీ మాటతో పాటే వచ్చాయి.

ఇది ఏదో ముచ్చటపడి చేసిన పని కాదు, ఆ సినిమాకు వేరే దారి లేదు. డబ్బింగ్ చెప్పడం ఒక ప్రత్యేకమైన విద్య. చీకటి గదిలో నిలబడి, తెర మీద కదిలే తన పెదాలను చూస్తూ, మూడు నెలల కిందటి కోపాన్నో సిగ్గునో మళ్లీ గొంతులోకి తెచ్చుకోవాలి. అనుభవం ఉన్న నటులకే అది కష్టం. ఇంతకుముందు ఎప్పుడూ సినిమాలో నటించని సుబ్బారావు గారి లాంటి మనిషిని ఆ గదిలో నిలబెడితే, రాజు పాత్రలో మనం చూసినదంతా ఆవిరైపోయేది. వేరే ఆర్టిస్టుతో చెప్పించి ఉంటే ఇంకా ఘోరం. కొత్తవాళ్లతో తీయాలనుకున్నారు, కాబట్టి వాళ్ల గొంతును అక్కడికక్కడే పట్టుకోవాలనుకున్నారు. ఈ రెండు నిర్ణయాలూ ఒకదాన్ని ఒకటి మోశాయి. తక్కువ డబ్బున్న సినిమాలో ఇలాంటి చోట ఖర్చు పెట్టాలని తెలియడమే దర్శకుడి తెలివి.

గొంతుతో పాటు యాస వచ్చింది. నేను ఉత్తరాంధ్రవాడిని, కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఏమనుకోకండి. మా ‘ఏటి’ (ఏమిటి), మా ‘బేగి’ (త్వరగా) తెలుగు సినిమాలో దశాబ్దాల పాటు ఎవరి నోట వినిపించాయి? పనిమనిషి నోట, తింగరి తమ్ముడి నోట, హీరో చేతిలో తన్నులు తినే చిల్లర రౌడీ నోట. ఆ మాట వినగానే హాల్లో నవ్వు రావాలి, దాని పని అంతే. ఎవరైనా ప్రేమించాలన్నా, ఏడవాలన్నా, దేవుడితో మొరపెట్టుకోవాలన్నా వేరే తెలుగులోకి మారిపోయేవారు. ఈ సినిమాలో నలభై తొమ్మిదేళ్ల అటెండర్ అదే యాసలో సిగ్గుపడతాడు. అదే యాసలో పెద్దమనుషులు పంచాయితీ పెడతారు, అదే యాసలో చిన్నపిల్లాడు వినాయకుడితో గొడవ పడతాడు. నవ్వొచ్చే చోట నవ్వుతాం, కానీ మాటను చూసి కాదు, సందర్భాన్ని చూసి నవ్వుతాం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి హైదరాబాద్ వెళ్లి, మాట తీరు మార్చుకుని బతుకుతున్నవాళ్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్లు ఈ సినిమాను ఎందుకు అంత గట్టిగా పట్టుకున్నారో వేరే చెప్పక్కర్లేదు.

ఊరి మనుషులతోనే సినిమా తీయడం మనకు కొత్త కాదు. బి. నర్సింగరావు నిర్మాణంలో గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’లో తెలంగాణ పల్లె జనం తెర నిండా ఉంటారు. ఇంద్రగంటి మోహనకృష్ణ చలం కథ ‘దోషగుణం’ ఆధారంగా డిజిటల్ కెమెరాతో తీసిన ‘గ్రహణం’, తొలి చిత్ర దర్శకుడిగా ఆయనకు జాతీయ పురస్కారం తెచ్చింది. అంటే డబ్బు లేకుండా మంచి సినిమా తీసిన వరస మనకు ఉంది, మధ్యలో చాలా ఖాళీలతో ఉంది. ఆ సినిమాల్లో ఎక్కువగా కనిపించేది గతం, పల్లె, భూమి, పాత కుటుంబం. ‘కంచరపాలెం’ చూపించింది నగరం లోపలి ఊరిని. విశాఖ అనగానే సినిమా వాళ్లకు బీచ్ రోడ్డు, కొండ, ఓడ గుర్తొస్తాయి. రైలు పట్టాలకీ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌కీ దగ్గర్లో, ఇరుకు వీధుల్లో, చిన్న జీతాల మీద బతికే విశాఖ వేరే ఉంది. దర్శకుడు అక్కడే ఉంటూ, అక్కడి మనుషుల్ని చూస్తూ కథ రాసుకున్నాడు. అది తెర మీద తెలుస్తుంది. సముద్రం మీద ఆధారపడకుండా విశాఖను చూపించడం నాకు చాలా నచ్చిన విషయం.

మూడో బలం, అన్నిటికన్నా పెద్దది, రాజు రాధల కథ. ఆమె ఒడిశా నుంచి వచ్చిన ఆఫీసరు, నలభై రెండేళ్లు, భర్త పోయాడు, ఎదిగిన కూతురు ఉంది. అతను అదే ఆఫీసులో అటెండరు. మన సినిమాల్లో నలభై రెండేళ్ల ఆడమనిషి హీరోకి తల్లి, లేకపోతే వదిన. ఆమెకు మళ్లీ పెళ్లి చేసుకోవాలనిపించడం కథకు కేంద్రం కావడమే అరుదు. పైగా ఇక్కడ వయసు ఒక్కటే అడ్డం కాదు. ఆఫీసులో ఎవరు ఎవరి ముందు కూర్చోవాలి, ఎవరు ఎవరికి టీ అందించాలి అన్న క్రమం ఉంది. ఆ క్రమం బయటి నుంచి ఎవరో విలన్ వచ్చి పెట్టింది కాదు, రాజు ఒంట్లోనే ఉంది. ఆమె దగ్గరికి రమ్మన్నా అతని కాళ్లు అంత తేలిగ్గా కదలవు. సుబ్బారావు గారు ఆ తడబాటును ఎక్కడా నటించి చూపించరు, అలా ఉంటారంతే. రాధా బెస్సీ గారి తెలుగులో ఒడియా వాసన ఉంటుంది. ఆ పరాయి ఊళ్లో తనకు ఎవరూ లేరన్న సంగతి వేరే డైలాగు అవసరం లేకుండానే మనకు చేరిపోతుంది. పెళ్లి ప్రస్తావన ఆమె వైపు నుంచే వస్తుంది. కూతురు తల్లి పక్కన నిలబడుతుంది. తమ్ముడూ అన్నా అనే మగవాళ్ల అధికారం ఎంత మామూలుగా ఇంట్లోకి నడిచివస్తుందో కూడా చూస్తాం. ఈ ఒక్క కథనే రెండు గంటలు తీసి ఉంటే ఇవాళ మనం మాట్లాడుకునేది వేరే సినిమా గురించి అయ్యేది. నా ఉద్దేశంలో ఇంతకన్నా పెద్ద సినిమా గురించి.

ఇక లోపాలు. డబ్బు లేక, సమయం లేక వచ్చినవి ముందు చెప్పేస్తాను, వాటి మీద ఎక్కువసేపు ఆగక్కర్లేదు. చిన్న పాత్రలు వేసినవాళ్లలో కొందరు అవతలివాళ్ల డైలాగు ఎప్పుడు అయిపోతుందా అని చూస్తూ నిలబడటం తెలిసిపోతుంది. జోసెఫ్ కథలో గొడవలు తేలిపోయాయి. కొన్ని సీన్లలో కెమెరా ఎక్కడ పెట్టాలో తేల్చుకోకుండా దొరికిన చోట పెట్టినట్టుంటుంది. రెండున్నర గంటల నిడివి ఎక్కువ. ముఖ్యంగా సగం దాటాక నాలుగు కథల మధ్య తిరగడంలోనే ఊపిరి అయిపోతుంది. ఇవన్నీ ఇంకో ఇరవై రోజుల షూటింగ్ దొరికితేనో, ఎడిటింగ్ టేబుల్ దగ్గర కాస్త కఠినంగా ఉంటేనో సర్దుకునేవి. వీటిని నేను క్షమించడం లేదు, కానీ నా బాధ వీటి గురించి కాదు.

నా బాధ మలుపు గురించి. బడిపిల్లాడు సుందరం, రౌడీ జోసెఫ్, వైన్ షాపులో పనిచేసే గడ్డం, అటెండర్ రాజు. నలుగురూ ఒకే ఊళ్లో, ఒకే కాలంలో బతుకుతున్నట్టు మనకు చూపించి, చివర్లో నలుగురూ ఒకే మనిషి అని చెప్పారు. హాల్లో ఒక్కసారిగా నిట్టూర్పు వస్తుంది. ఇవాళ కూడా వచ్చింది. అది బాగా కట్టిన మలుపు, అందులో నాకు అనుమానం లేదు. ఆధారాలు కూడా నిజాయితీగా వదిలారు. బడి కార్యక్రమంలో సునీత పాడిన పాట గుర్తుందా? ‘భలే భలే మగాడివోయ్’. అది 1978లో వచ్చిన ‘మరో చరిత్ర’లోది. సినిమా 2018లో వచ్చింది, రాజుకు నలభై తొమ్మిదేళ్లు. లెక్క వేయండి. 1978లో అతనికి తొమ్మిది, పదేళ్లు. మనకది పాత పాట, ఆ పిల్లలకు అప్పుడే వచ్చిన హిట్ పాట. పైగా ‘మరో చరిత్ర’ విశాఖలో తీసిన సినిమా, భాషలు వేరైన ఇద్దరి ప్రేమ కథ. ఒడిశా ఆఫీసరుకీ కంచరపాలెం అటెండరుకీ ముడిపడబోతోందన్న సూచన కూడా ఆ పాటలోనే ఉందని నాకు అనిపిస్తుంది. ఇంత ఆలోచించి పెట్టిన మనిషిని తెలివి లేదని ఎవరూ అనలేరు.

కానీ ఆ మలుపు నిలబడటానికి సినిమా ఏం వదులుకుందో చూద్దాం. మొదట కాలాన్ని వదులుకుంది. నాలుగు కథలూ ఇప్పుడే జరుగుతున్నట్టు మనల్ని నమ్మించాలి కాబట్టి, ఏది ఏ ఏడాదో చెప్పే గుర్తులు తెర మీద దాదాపు కనిపించకూడదు. నలభై ఏళ్లలో విశాఖ ఎంత మారింది! స్టీల్ ప్లాంటు వచ్చింది, ఊళ్లు లేచిపోయాయి, వీధులు వెడల్పయ్యాయి, టీవీ వచ్చింది, ఫోను వచ్చింది. ఒక పేటనూ అందులో ఒక మనిషినీ పదేళ్ల నుంచి యాభై ఏళ్ల దాకా చూపించే అవకాశం చేతిలో ఉండి కూడా, ఆ పేట నలభై ఏళ్లు కదలకుండా ఉన్నట్టు చూపించాల్సి వచ్చింది. పాత కాలాన్ని తెర మీద కట్టాలంటే చాలా డబ్బు కావాలి, నిజమే. ఆ రకంగా మలుపు ఖర్చు తగ్గించింది. కానీ ఊరినే పేరుగా పెట్టుకున్న సినిమాకు ఆ పొదుపు చాలా ఖరీదు పడింది.

రెండోది, మనిషి ఎదుగుదలను వదులుకుంది. చేతులు దులుపుకుని కొట్లాటకు పోయే జోసెఫ్, ఆఫీసరమ్మ ముందు నిలబడటానికి బెరుకు పడే రాజు ఎలా అయ్యాడు? గడ్డం అనే కుర్రాడు సలీమా పోయిన తర్వాత ఆ రాత్రి ఎలా గడిపాడు, మర్నాడు షాపు తెరిచాడా? ఆ తర్వాత ఇన్నేళ్లు పెళ్లి అనే మాట దగ్గరికి రాకుండా ఎలా బతికాడు? అసలు డ్రామా అక్కడ ఉంది. నాలుగు వయసుల మధ్య ఉన్న ఆ ఖాళీ ఏళ్లలో ఉంది. సినిమా మనకు నాలుగు వయసులు ఇచ్చింది, వాటి మధ్య దూరాన్ని మాత్రం ఒక్క ఆశ్చర్యంతో దాటించేసింది. ఒకే మనిషికి ఇన్ని పేర్లు ఎలా వచ్చాయన్నది కూడా చివర్లో చకచకా తేలిపోతుంది. ఆశ్చర్యం నాలుగు నిమిషాలు ఉంటుంది. ఆ తర్వాత మనం ఇంటికి వెళ్తూ ‘ఓహో, అందరూ ఒక్కడేనా’ అనుకుంటాం తప్ప, ‘ఇన్నేళ్లు అలా ఎలా బతికాడు’ అని అనుకోం.

న్యాయంగా ఇంకో వైపు కూడా చెప్పాలి. రెండోసారి చూడండి. మలుపు తెలిసిన తర్వాత రాజు వెనకడుగు వేసే ప్రతి చోటా వేరే బరువు కనిపిస్తుంది. మొదటిసారి అది ఉద్యోగం వల్ల వచ్చిన బెరుకు అనుకున్నాం. రెండోసారి అది మూడుసార్లు పోగొట్టుకున్నవాడి భయం. ఊళ్లో జనం అతని పెళ్లి గురించి ఎగతాళిగా మాట్లాడుకుంటుంటే అతను జవాబు చెప్పకుండా ఉండటం చూస్తే గుండె పిండేస్తుంది, ఎందుకంటే జవాబు మనకు తెలుసు. కాబట్టి మలుపు రాజు కథను పెంచింది. మిగతా మూడు కథలనే తగ్గించింది. ఆ మూడింటిలో తగ్గిపోయింది ఎవరు? ఆడవాళ్లు.

ఈ మాట కాస్త జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే ఈ సినిమాను ఇష్టపడేవాళ్లు ఇక్కడ నొచ్చుకుంటారు. సునీతను తండ్రి దూరంగా పంపించేస్తాడు. భార్గవి కుటుంబం ఒత్తిడికి తలవంచి వేరే పెళ్లి చేసుకుంటుంది. సలీమా చనిపోతుంది. ముగ్గురూ వెళ్లిపోవాల్సిందే. వెళ్లిపోకపోతే రాజు నలభై తొమ్మిదేళ్ల దాకా ఒంటరిగా ఉండడు, చివరి మలుపు ఉండదు. అందువల్ల వాళ్లు కథలోకి వచ్చేటప్పుడే వెళ్లిపోవడానికి వచ్చారు. భార్గవి మనసులో ఆ నిర్ణయం ఎలా తిరిగిందో మనకు పూర్తిగా దొరకదు, జోసెఫ్‌కు తగిలిన దెబ్బ మాత్రం దొరుకుతుంది. సలీమా విషయంలో ఇది ఇంకా బాధ పెడుతుంది. ముసుగులోంచి కళ్లు మాత్రమే కనిపించే ఆడమనిషి రోజూ వచ్చి మందు కొనుక్కెళ్లడం, షాపు కుర్రాడు ఆ కళ్లను చూసి ప్రేమించడం, అది అందమైన ఆలోచన. ఆమె ఒళ్లమ్ముకుని బతుకుతోందని తెలిసినా అతను వెనక్కి తగ్గకపోవడం ఇంకా మంచి ఆలోచన. కానీ ఆమె ఇల్లు, ఆమె పగలు, ఆమె తాగే కారణం, అతన్ని నమ్మాలా వద్దా అని ఆమె లోపల పడిన లెక్క, వీటికి సినిమా దగ్గర తీరిక లేదు. అలాంటి స్త్రీ సుఖపడబోయే ముందు చనిపోవడం మన తెలుగు సినిమా ఎన్నోసార్లు చేసిన పని. కొత్త దారిలో నడుస్తున్న సినిమా ఆ ఒక్క చోట పాత బాటలో పడిపోయింది.

ఇది దర్శకుడికి ఆడవాళ్లను రాయడం చేతకాక జరిగింది కాదు. రాధ ఉంది కదా సాక్ష్యం. రాధకు ఉద్యోగం ఉంది, కూతురు ఉంది, తనదైన ఒంటరితనం ఉంది, తనదైన తొందర కూడా ఉంది. కథ ఆమె నిర్ణయం మీద కదులుతుంది. ఎందుకు? రాధ వెళ్లిపోనక్కర్లేదు కాబట్టి. మలుపు అవసరం లేని చోట ఆయన మనిషిని రాశాడు, మలుపు అవసరమున్న చోట మలుపుకు కావాల్సినంతే రాశాడు. దీనికి బడ్జెట్‌తో ఏ సంబంధం లేదు. సలీమాకు ఇంకో రెండు సీన్లు రాస్తే ఎంత ఖర్చవుతుంది? ఒక గది, ఒక నటి, ఒక పూట.

మతాల అమరిక గురించి కూడా ఒక మాట. వినాయకుడి బొమ్మలు చేసే ఇంటి పిల్లాడు, క్రైస్తవ పేరున్న కుర్రాడు, బ్రాహ్మణ అమ్మాయి, ముస్లిం స్త్రీ. కులం, మతం మనుషుల మధ్య ఎలా నిలబడతాయో చూపించాలన్న తపన నిజమైనదే. కంచరపాలెం లాంటి పేటల్లో గుడి, చర్చి, మసీదు చుట్టూ మనుషులు కలిసే బతుకుతారు, ఆ కలయిక కూడా కల్పితం కాదు. కానీ నాలుగు కథలకు నాలుగు రంగులు పంచినట్టు అమర్చేసరికి, మనిషి కన్నా ముందు అతని ముద్ర కనిపిస్తుంది. సుందరం దేవుడి మీద తిరగబడే చోట మాత్రం ఇవన్నీ మర్చిపోతాం. అక్కడ ఉన్నది ఒక పిల్లాడి కోపం. సినిమా మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయిన కోపం అది.

సంగీతం గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. విశ్వ రాసి అనురాగ్ కులకర్ణి పాడిన ‘ఆశా పాశం’ గొప్ప పాట. విడిగా వింటే నాకూ కళ్లు చెమరుస్తాయి. తత్వం బాణీలను ఇవాళ్టి సినిమాలోకి ఇంత సహజంగా తెచ్చినందుకు స్వీకార్ అగస్తికి దండం పెట్టాలి. కానీ కథలన్నీ విషాదంలోకి తిరిగే చోట పాట మన తరఫున ఏడ్చేస్తుంది. అప్పటిదాకా వీధి చప్పుడును, మనుషుల మౌనాన్ని అంతగా నమ్మిన సినిమా, అవసరమైన చోట ఆ నమ్మకాన్ని కాస్త వదిలేసింది. సింక్ సౌండ్‌తో అంత శ్రమపడి తెచ్చుకున్న ఆ నిశ్శబ్దం ఒక్క నిమిషం ఉండి ఉంటే, ఆ తర్వాత పాట ఇంకా లోతుగా దిగేది.

విడుదల గురించి చెప్పకపోతే ఈ మాటలు సగమే అవుతాయి, ఎందుకంటే ఈ హాల్లో సినిమా తీయాలనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. చిన్న సినిమాకు తీయడం కన్నా చూపించడం కష్టం. థియేటర్ అద్దె ముందే కట్టాలి, డిజిటల్ ప్రొజెక్షన్‌కు క్యూబ్ లాంటి కంపెనీలకు చార్జీలు కట్టాలి, పోస్టర్లు వేయించాలి. శుక్ర, శని, ఆదివారాల్లో జనం రాకపోతే సోమవారానికి షోలు ఎత్తేస్తారు. స్టార్ లేని సినిమాకు జనం వచ్చేది చూసినవాళ్ల నోటి మాట విని. ఆ మాట ఊరంతా తిరిగి వచ్చేసరికి థియేటర్లో వేరే సినిమా ఆడుతూ ఉంటుంది. ‘కంచరపాలెం’ ఈ గండం దాటింది, ఎందుకంటే థియేటర్లు చేతిలో ఉన్న పెద్ద సంస్థ దాని వెనక నిలబడింది. అది మంచి పని, చేసినవాళ్లకు కృతజ్ఞత చెప్పాల్సిందే. కానీ ‘మంచి సినిమా తీస్తే అదే ఆడుతుంది’ అని ఎవరైనా దీన్ని ఉదాహరణగా చూపిస్తే నమ్మకండి. ఇంతే మంచి సినిమా, వెనక ఎవరూ లేకుండా వచ్చి ఉంటే, మనలో ఎంతమంది దాని పేరు విని ఉండేవాళ్లం? ఎంపిక చేసుకున్న ఒకటి రెండు సినిమాలను పెద్దవాళ్లు దత్తత తీసుకోవడం మీద ఆధారపడితే సరిపోదు. మన రెండు రాష్ట్రాల్లో ప్రతి పెద్ద ఊళ్లోనూ చిన్న సినిమాకు రోజుకు ఒక్క షో, అద్దె భారం లేకుండా, కనీసం రెండు వారాలు దొరికే ఏర్పాటు ఉండాలి. అది ప్రభుత్వం చేస్తుందా, నిర్మాతల సంఘాలు చేస్తాయా, ఇలాంటి ఫిల్మ్ క్లబ్బులు ఊరూరా మొదలుపెడతాయా, ఎవరో ఒకరు చేయాలి.

ఈ సినిమా గెలిచాక దాని నుంచి పరిశ్రమ నేర్చుకున్న పాఠం నాకు నచ్చలేదు. 2021లో తమిళంలో ‘కేరాఫ్ కాదల్’గా దీన్ని మళ్లీ తీశారు. మలుపును తీసుకెళ్లడం సులువు, కథ మీద హక్కులు కొంటే అదీ వస్తుంది. కానీ కంచరపాలెం ఎలా వెళ్తుంది? ఆ వీధులు, ఆ గొంతులు, అటెండర్ పనిని ఒంట్లో మోసే ఆ మనిషి ఎలా వెళ్తారు? మన దగ్గర కూడా ఆ తర్వాత వచ్చిన కొన్ని చిన్న సినిమాల్లో యాస పోస్టర్ మీద అమ్మే వస్తువైంది, చివరి మలుపు తప్పనిసరి లెక్క అయింది. నేర్చుకోవాల్సింది మాత్రం ఎక్కడో ఉండిపోయింది. ఒక చోట నెలల తరబడి ఉండటం, అక్కడి మనిషిని అక్కడే, అతని గొంతుతోనే పట్టుకోవడం. దానికి డబ్బు కన్నా సమయం ఎక్కువ కావాలి. సినిమా తీయాలనుకుంటూ ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది దగ్గర డబ్బు లేదు గానీ సమయం ఉంది, కాబట్టి మీకే చెబుతున్నాను. మీ స్క్రిప్టులో మలుపు ఉంటే దాని పక్కన కూర్చుని ఒక లెక్క రాసుకోండి: ఈ మలుపు కోసం ఏ పాత్ర నోరు మూయించాను, ఏ ఏళ్లు మింగేశాను అని. ఆ లెక్క చూసిన తర్వాత కూడా మలుపు కావాలనిపిస్తే పెట్టుకోండి.

నేను చెప్పాల్సింది ఇంతే. సునీత, భార్గవి, సలీమా గురించి నేను అన్న మాటలతో ఏకీభవించని వాళ్లు ఇక్కడ తప్పకుండా ఉంటారు, ముఖ్యంగా ఈ సినిమాను రెండు మూడుసార్లు చూసినవాళ్లు. నాకు ముందు వాళ్ల మాట వినాలనుంది. భార్గవిది లొంగుబాటు కాదు, నిర్ణయమే అని మీకు అనిపిస్తే ఏ సీను చూసి అలా అనిపించిందో చెప్పండి, కావాలంటే ఆ సీను మళ్లీ వేయిద్దాం. మైకు ఆ వెనక వరుసలో ఉన్న అమ్మాయికి ఇవ్వండి.